పంటి కింద సముద్రం

సముద్రం అడుగున ఏముంటుందని అడిగితే మనం చేపలనో, ముత్యాలనో, మునిగిపోయిన ఓడలనో చెబుతాం. బురద బాబాయిని అడిగితే మాత్రం "ఎక్కడి అడుగున? ఎంత లోతున?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. ఆ రెండూ చెప్పకుండా సముద్రం గురించి మాట్లాడేవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట.

అసలు పేరు జీతం కాగితం మీద ఉంటుంది గానీ, ఆఫీసులో పెద్దసారు మొదలుకొని గేటు దగ్గర మనిషి దాకా అందరికీ ఆయన బురద బాబాయే. సముద్ర పరిశోధన సంస్థలో మట్టి గిడ్డంగి ఆయన చేతిలో ఉంది. ఓడలు నడిసముద్రంలోకి వెళ్లి, పొడవాటి గొట్టాలు అడుగులోకి దింపి, బురదను స్తంభంలా పైకి లాగుతాయి. దాన్ని మీటరు మీటరు ముక్కలుగా కోసి, పై కొసకు నీలం మూత, కింది కొసకు ఎర్ర మూత పెట్టి గిడ్డంగికి పంపిస్తారు. అక్కడ బాబాయి ఒక్కో ముక్కనూ దోసకాయలా నిలువునా చీలుస్తాడు. ఒక సగం ఎవరూ ముట్టకుండా చలిగదిలోకి పోతుంది. రెండో సగం బల్ల మీదికి వస్తుంది. బయట ఎండ మండిపోతున్నా బాబాయి మెడలో మఫ్లరు, నెత్తిన ఉన్ని టోపీ ఉండేవి. చలిగదిలోకి రోజుకు పాతికసార్లు వెళ్లొచ్చే మనిషికి కాలాలతో పనేముంది?

బల్ల మీదికి వచ్చిన ప్రతి ముక్కకూ ఒక చీటీ ఉంటుంది. రంగేమిటో రంగుల పుస్తకంతో పోల్చి రాయాలి. పలచటి ఆమ్లం ఒక్క చుక్క వేసి చూడాలి. బుసబుస పొంగితే అందులో సున్నపు గుల్లలున్నట్టు, పొంగకపోతే లేనట్టు. ఆ తర్వాతది పళ్ల పని. ఆవగింజంత మట్టి తీసి ముందు పళ్ల మధ్య పెట్టి మెల్లగా నూరాలి. కరకరలాడితే అందులో ఒండ్రు నలక ఉన్నట్టు. వెన్నలా జారిపోతే బంకమన్ను. ఆనక ఉమ్మేసి నోరు కడుక్కోవాలి. వినడానికి వింతగా ఉన్నా మట్టి పని చేసేవాళ్లు చాలామంది చేసేదే ఇది. వేలికి తెలియనిది, కంటికి కనపడనిది పంటికి తెలుస్తుంది.

గిడ్డంగి చూడ్డానికి వచ్చినవాళ్లకు బాబాయి ఇలా చెప్పేవాడు.

"అది తుడవని ఇల్లండీ. కోట్ల ఏళ్లుగా ఎవరూ చీపురు పట్టలేదు. ఆ దుమ్ము ఎటు నుంచి వచ్చిందో చెప్పడమే నా పని. కొంత నేల మీది నుంచి నదులు మోసుకొస్తాయి, గాలి ఎత్తుకొస్తుంది. కొంత పైన నీళ్లలో బతికి చచ్చిన చిన్న చిన్న జీవుల గుల్లలు. కొంత నీళ్లలో కరిగున్నదే అక్కడికక్కడ పేరుకుంటుంది. కాస్త ఆకాశం నుంచి కూడా రాలుతుందనుకోండి, చుక్కల పొడి. నాలుగైదు కిలోమీటర్ల లోతు దాటితే సున్నపు గుల్లలు నిలవవు, కరిగిపోతాయి. అక్కడ మిగిలేది ఎర్రమట్టి. అది వెయ్యేళ్లకు ఒక మిల్లీమీటరు పేరుకుంటే గొప్ప. నా సర్వీసు మొత్తం మీద పడింది నా గోరు మందంలో పదో వంతు కూడా ఉండదు!"

ఆపైన బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్న నల్లరాయిని చేతికిచ్చేవాడు. బంగాళాదుంపంత ఉంటుంది. సగానికి కోస్తే లోపల ఉల్లిపాయలా పొరలు. నడిమధ్య ఒక సొరచేప పన్ను. ఆ పన్ను చుట్టూ నీళ్లలోని మాంగనీసూ ఇనుమూ పేరుకుని పేరుకుని ఆ రాయి అయింది. "పది లక్షల ఏళ్లకు నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతుంది. తొందరేం లేదు దానికి" అనేవాడు బాబాయి, తనే దాన్ని పెంచినంత గర్వంగా.

ఇంట్లో మాత్రం ఈ గర్వం చెల్లేది కాదు. ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆయన, బడిలో లెక్కలు చెప్పే ఆయన భార్య, ఆవిడ తల్లి. ఆ మూడో మనిషి దగ్గరే వచ్చింది చిక్కు.

అత్తగారికి డెబ్బై తొమ్మిదేళ్లు, ముప్పై ఒక్క పళ్లు. పోయిన ఆ ఒక్కటీ పళ్ల డాక్టరు తొందరపాటు వల్ల పోయిందే తప్ప తన పన్ను తప్పేం లేదని ఆవిడ వాదన. మధ్యాహ్నాలు పక్కింటి టైలరమ్మ దగ్గర కూర్చుని వేయించిన శనగలు పటపటా నములుతూ, కత్తెర అందకపోతే దారాలు పంటితోనే పుటుక్కున తెంపి ఇచ్చేది.

కూతురికి సంబంధం చూసినప్పుడు అల్లుడిది సముద్రం ఆఫీసని చెప్పారు. అత్తగారు తెల్ల దుస్తులూ, బంగారు గుండీలూ, ఓడ మెట్లు దిగుతున్న అల్లుడూ అని ఊహించుకుంది. పెళ్లయిన నెలకు చూడాలని ముచ్చటపడి ఆఫీసుకు వెళ్తే, అల్లుడు టోపీ పెట్టుకుని మూతికి బురద పూసుకుని కనపడ్డాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోకుండానే గోడ మీద నుంచి టైలరమ్మతో అంది: "నా కూతురికి మట్టి తినే మొగుడు దొరికాడే అమ్మాయ్!"

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అత్తగారి నోటికి టైలరమ్మ నోరు తోడైంది. ఆ మాట వీధి వీధంతా తిరిగి, ఇరవయ్యారేళ్లయినా ముసలిదవలేదు. బాబాయి కూరగాయలకు వెళ్తే కొట్టువాడు "మీకు కడగని దుంపలిమ్మంటారా?" అని నవ్వేవాడు. బాబాయీ నవ్వేవాడు. కానీ ఇంటికి వస్తూ ఆ నవ్వును దారిలోనే వదిలేసేవాడు. మాట కష్టంగానే ఉండేది మరి, ఎందుకుండదు? ఆ పళ్ల మీదే కదా ఆయన పరువంతా ఉంది. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు చీటీ చూసి, కింద ఆయన సంతకం ఉంటే ఇక రెండోసారి అడిగేవాళ్లు కాదు.

యాభై ఏడో ఏట ఆ పళ్లే మోసం చేశాయి. చిగుళ్ల జబ్బని చెప్పి పళ్ల డాక్టరు పై వరసా కింది వరసా మొత్తం పీకేసి కట్టుడు పళ్లు పెట్టాడు. చూపుకు బాగానే ఉన్నాయి. భార్య అయితే "ఫొటోకి కూర్చున్నట్టున్నారు" అని మురిసిపోయింది. అత్తగారు కళ్లద్దాలు సవరించుకుని చూసి, "అల్లుడుగారికి ఇన్నాళ్లకు శుభ్రమైన పళ్లొచ్చాయి" అంది.

అదే నెలలో ఓడ ఒకటి వచ్చింది. ఐదు వేల మీటర్ల లోతు నుంచి తీసిన పదిహేడు మీటర్ల బురద, పదిహేడు ముక్కలు. ఇది డాక్టరమ్మ పని. డాక్టరమ్మ అంటే సూదిమందు డాక్టరు కాదు, సముద్రపు మట్టి మీద డాక్టరేటు చేసినావిడ. సుమారు కోటి ఏళ్ల కిందట పేలిన ఒక అగ్నిపర్వతం బూడిద ఎంత దూరం వెళ్లి పడిందో ఆవిడ మూడేళ్లుగా వెతుకుతోంది. రెండు చోట్ల దొరికింది. ఈ మూడోది అన్నిటికన్నా దూరం. ఇక్కడ కూడా పడిందా, లేదా? అంత లోతున పురుగులు తొలిచి బూడిదను మట్టిలో కలిపేస్తాయి, కంటికి కనపడదు. మైక్రోస్కోపు కింద పెట్టి చూడొచ్చు గానీ, పదిహేడు మీటర్లలో ఎక్కడ గోకాలో ముందు తెలియాలి కదా. అది చెప్పేది బాబాయి పళ్లే.

బాబాయి మూడు వారాలు కూర్చుని పదిహేడు ముక్కలూ చూశాడు. మొదటిది నోట్లో వెన్నలా జారింది. రెండోది కూడా వెన్నే. పదిహేడోది కూడా వెన్నే. మధ్యలో ఒకటి రెండుసార్లు మనసు పీకింది. పదిహేడు మీటర్లలో ఒక్క నలకైనా లేని మట్టి తన జన్మలో చూడలేదు. అయినా ఈసారి సముద్రం బుద్ధిగా ఉందేమోలే అని సర్దిచెప్పుకున్నాడు. పదిహేడు చీటీల మీదా "మెత్తటి ఎర్ర బంకమన్ను, నలక లేదు" అని రాసి సంతకం పెట్టాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అన్నం దగ్గర గుట్టు బయటపడింది. కొత్త బస్తా బియ్యం. అత్తగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆగి, రాయి తీసి కంచం అంచున పెట్టింది. రెండో ముద్దకు ఇంకోటి. భార్య కూడా "అబ్బ!" అని దవడ పట్టుకుంది. బాబాయి మాత్రం రెండోసారి వడ్డించుకుని హాయిగా తింటున్నాడు.

ఇద్దరూ తినడం మానేసి ఆయన్నే చూశారు.

"మీకు రాళ్లు తగల్లేదాండీ?" అని అడిగింది భార్య.

"లేదే! బియ్యం బాగున్నాయి కదా."

"అదేంటి అల్లుడుగారూ, రాళ్లు కూడా మనిషిని చూసి తగుల్తున్నాయా?" అంది అత్తగారు.

బాబాయి నోట్లో ముద్ద నోట్లోనే ఆగిపోయింది. ఆయనకు రాళ్లు కనపడలేదు. పదిహేడు చీటీలు కనపడ్డాయి.

మర్నాడు ఆఫీసు తలుపులు తీసీ తీయకముందే కొలత డబ్బాల దగ్గరికి వెళ్లాడు. ఒకటి నుంచి ఆరు దాకా డబ్బాలు, ఆయన స్వయంగా తయారు చేసుకున్నవే. ఒకటి ముతక ఇసుక, ఆరు వెన్నలాంటి బంకమన్ను, మధ్యలోవి క్రమంగా సన్నబడతాయి. పంటికి అనుమానం వస్తే వాటితో సరిచూసుకోవడం అలవాటు. కళ్లు మూసుకుని, డబ్బాలు అటూ ఇటూ మార్చి, ఒక్కోటీ నూరి చూశాడు. ఒకటీ రెండూ తెలిశాయి. మూడు నుంచి ఆరు దాకా అన్నీ ఒకటే. పన్ను వేరులో ఉండే స్పర్శ ప్లాస్టిక్కుకు ఎక్కడి నుంచి వస్తుంది? ఇంత చిన్న సంగతి తనకు తట్టలేదే అని తల కొట్టుకున్నాడు.

సాయంత్రం ఆ డబ్బాలు సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. ఓడ తెచ్చిన మట్టి చిటికెడైనా గేటు దాటకూడదు గానీ కొలత డబ్బాలకు ఆ నియమం లేదు. మంచి పళ్లుంటే సన్న తేడాలు నిజంగా తెలుస్తాయా, లేక ఇన్నాళ్లూ తనదంతా భ్రమేనా? అదొక్కటీ తేల్చుకోవాలనిపించింది ఆయనకు. భార్యను అడిగితే, "నాకు చల్లనీళ్లు తాగితేనే పళ్లు జివ్వుమంటాయి, నన్నొదిలేయండి" అని పరీక్ష పేపర్ల కట్ట అడ్డం పెట్టుకుంది. ఇక మిగిలింది ముప్పై ఒక్క పళ్లు.

"ఇరవయ్యారేళ్లుగా మీరు తిన్నది చాలక, నాకూ పెడతారా?" అంది అత్తగారు.

"తినక్కర్లేదు అత్తయ్యా. పంటి కింద పెట్టి ఉమ్మేయడమే. ఏది మెత్తనో, ఏది గరుకో వరసగా చెప్పండి చాలు."

"తప్పు చెబితే?"

"తప్పేముంది, మీ వయసులో అందరికీ తెలియదులెండి."

ఆ మాట పనిచేసింది. అత్తగారు కొంగు బిగించి, గిన్నె ఒకటి పక్కన పెట్టుకుని కూర్చుంది. ఆరు డబ్బాలూ ఆరు ముక్కల్లో తేల్చేసి వరసగా పేర్చింది. ఒక్కటీ తప్పలేదు. బాబాయి అంకెలు కనపడకుండా కాగితం చుట్టి, కలిపి, మళ్లీ ఇచ్చాడు. మళ్లీ అదే వరస.

"కానీ ఈ ఐదోదాన్లో మోసం ఉంది" అంది, మళ్లీ ఒకసారి నూరి. "దీంట్లో ఆరోది కాస్త కలిసింది. ఒకే చెంచా వాడారా?"

బాబాయి ఐదో డబ్బా తీసి వెలుగులో పెట్టి చూశాడు. కిందటేడు చెంచా కడగకుండా రెండు డబ్బాల్లో పెట్టిన మాట నిజం. అది భూమ్మీద ఆయనొక్కడికే తెలుసు.

అత్తగారు నోరు కడుక్కుని, "ఇందులో ఇంత సంగతుందా?" అని గొణుక్కుంటూ లోపలికి పోయింది.

మంగళవారం పొద్దున డాక్టరమ్మ వెలిగిపోతున్న ముఖంతో గిడ్డంగికి వచ్చింది.

"బాబాయ్, మీ చీటీలన్నీ చూశాను. ఎక్కడా నలక లేదు. అంటే బూడిద అంత దూరం పోలేదు. శుక్రవారం రిపోర్టు పంపేస్తున్నా. బాబాయ్ పళ్లు చెప్పాక ఇంకేం కావాలి!"

తేలు కుట్టిన దొంగలా బాబాయి తల మాత్రం ఊపాడు. ఆవిడ వెళ్లగానే చలిగదిలోకి పోయి అరల మధ్య నిలబడ్డాడు. చెబితే ఏమవుతుంది? ఇంకా మూడేళ్ల సర్వీసుంది. పళ్లు లేని పరీక్షకుడు ఎవరికి కావాలి? ముందు గదిలో కూర్చోబెట్టి వచ్చేపోయేవాళ్లకు చీటీలు రాయమంటారు. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. ఎప్పటికీ, ఎవరికీ తెలియదు. ఐదు వేల మీటర్ల కిందికి దిగి ఎవరు చూడొచ్చారు? తన సంతకం కింద ఒక అబద్ధం అలా ఉండిపోతుంది, దాని మీద ఇంకొకరు ఇంకోటి కడతారు. ఆ సంగతి తలుచుకుంటే ఆయనకు చలిగదిలో కూడా చెమట పట్టింది. చెవులు మొద్దుబారేదాకా నిలబడి, బయటికొచ్చి బల్ల దగ్గర కూలబడ్డాడు. నల్లరాయిలో సొరచేప పన్ను ఇకిలిస్తోంది. నీది ఎన్ని లక్షల ఏళ్లున్నా చెక్కు చెదరలేదు, నాది అరవై కూడా చూడలేదురా అనుకున్నాడు.

తిన్నగా డాక్టరమ్మ గదికి వెళ్లాడు. ఆవిడ బల్ల మీద పదిహేడు చీటీలూ పేర్చి ఉన్నాయి. జేబురుమాలు తీసి, నోట్లోంచి కట్టుడు పళ్లు తీసి, రుమాల్లో పెట్టి ఆ చీటీల మీద ఉంచాడు.

"ఇవి చెప్పాయి మేడమ్. నా పళ్లు కావు" అన్నాడు. పళ్లు లేని నోట్లో మాట సగం గాలికి పోయింది గానీ ఆవిడకు అర్థమైంది.

"ఎప్పటి నుంచి?"

"ఓడ రాకముందు నుంచి."

"అంటే పదిహేడూ..."

"పదిహేడూ మేడమ్."

డాక్టరమ్మ ముఖం ఎర్రబడింది. కలం మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. "మొదటి రోజే చెప్పొచ్చుగా బాబాయ్! మూడు వారాలు! శుక్రవారం నేను ఏం పంపాలి?" అని గట్టిగానే అంది. ఆ కోపం న్యాయమైనదే కాబట్టి బాబాయి తల వంచుకుని నిలబడ్డాడు. కాసేపటికి ఆవిడే తగ్గింది.

"మీరు చెప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు."

"అందుకే మేడమ్ భయం వేసింది."

ఆవిడ ఆయన్నీ, రుమాల్లోని పళ్లనీ మార్చి మార్చి చూసింది. పెదాల చివర నవ్వు ఆపుకుంటోందని బాబాయికి తెలిసిపోయింది.

"సరే, ముందవి పెట్టుకోండి. రెండ్రోజుల్లో పదిహేడు మీటర్లు మళ్లీ చూడాలి. ఎవరి పళ్లతో చూద్దాం?"

బాబాయి పళ్లు పెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు. "మా అత్తగారున్నారు మేడమ్..."

రాత్రే అల్లుడి నోట జరిగిందంతా విన్న అత్తగారు, బుధవారం పొద్దున ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిసంచిలో శనగల పొట్లం వేసుకుని దిగింది. గేటు దగ్గర మనిషి పుస్తకం తెరిచి, "ఏం పని మీద వచ్చారు?" అని అడిగితే "మట్టి తినడానికి" అంది. అతను ఒక క్షణం ఆలోచించి "సొంత పని" అని రాసుకున్నాడు.

డాక్టరమ్మ ముందు ఆరు డబ్బాల పరీక్ష పెట్టింది. అత్తగారు నెగ్గింది. సరదాకు డాక్టరమ్మ తనూ కూర్చుంది. సిమెంటు నింపిన పన్ను నాలుగో డబ్బా దగ్గర బోల్తా కొట్టించింది. "చదువు వేరు, పళ్లు వేరమ్మా" అని అత్తగారు ఓదార్చింది.

ఇక పని మొదలైంది. బాబాయి సన్నటి ప్లాస్టిక్ రేకుతో పది సెంటీమీటర్ల మేర గోకి, ఆ పూతలోంచి ఆవగింజంత తీసి ఇస్తాడు. అత్తగారు నూరి, చెప్పి, ఉమ్మి, పుక్కిలిస్తుంది. మీటరుకు పది, పదిహేడు మీటర్లకు నూట డెబ్బై.

"వెన్న." "ఇదీ వెన్నే." "వెన్న." "అల్లుడుగారూ, మీ సముద్రానికి ఇంకో రుచి లేదా?"

"ఉప్పుందిగా అత్తయ్యా."

"అది నాకు మీరు చెప్పాలా!"

నలభై దాటాక అత్తగారు మాటలు తగ్గించి చూడటం మొదలుపెట్టింది. గోకిన ప్రతిసారీ ఆయన రేకు కడుగుతున్నాడు. ఒక్కసారి కూడా మరవడం లేదు. ఏ ముక్క చేతిలోకి తీసుకున్నా ముందు నీలం మూత ఎటుందో చూసుకుంటున్నాడు. ఎర్రమట్టిలో చిన్న తెల్ల చుక్క కనపడితే ఆవిడ వేలు పెట్టి చూపించింది. "ఇదేంటి?"

"చేప పన్ను. అంత లోతుకొచ్చేసరికి సున్నపు గుల్లలన్నీ కరిగిపోతాయి. పళ్లు మాత్రం కరగవు."

"పళ్లంటే అలా ఉండాలి" అంది అత్తగారు, అల్లుడి నోటి వంక చూస్తూ. బాబాయి పడీ పడీ నవ్వాడు. ఈసారి ఆ నవ్వు నిజంగానే వచ్చింది.

గురువారం పదకొండో ముక్క. ఏడో గోకుడు నోట్లో పెట్టుకోగానే అత్తగారు చేయెత్తింది.

"ఆగండి. ఇది వెన్న కాదు."

బాబాయి ముందుకు వంగాడు. "ఇసుకా?"

అత్తగారు కళ్లు మూసుకుని మళ్లీ నూరింది. "కాదు. ఇసుక పంటి కింద దొర్లుతుంది. ఇది గుచ్చుకుంటోంది. నా చిన్నప్పుడు మా అమ్మ పిండి డబ్బా మీద గాజు గ్లాసు పగిలింది. ఎంత జల్లించినా పోలేదు, వారం రోజులు అందరం పళ్లు కొరుక్కున్నాం. ఇది అదే. గాజుపొడి."

బాబాయి పుల్లతో సెంటీమీటరు సెంటీమీటరుగా గోకి ఇచ్చాడు. అరవై ఒకటి, వెన్న. అరవై రెండు, వెన్న. అరవై మూడు, గాజు. అరవై నాలుగు, గాజు. అరవై ఐదు, వెన్న. డాక్టరమ్మ ఆ చోటు నుంచి చిటికెడు తీసి, పలక మీద పూసి, మైక్రోస్కోపులో కన్ను పెట్టింది. ఎంతసేపటికీ తల ఎత్తలేదు. ఎత్తేసరికి కళ్లు తడిగా ఉన్నాయి.

"బూడిదే! ఇక్కడిదాకా వచ్చింది బాబాయ్!" అని చిన్నపిల్లలా అరిచింది.

అత్తగారిని కూడా చూడనిచ్చారు. పగిలిన సీసా పెంకుల్లాంటివి, వంకర వంకరగా, నీళ్లంత తేటగా మెరుస్తున్నాయి.

"ఎప్పటిది?"

"కోటి ఏళ్ల పైమాటే" అన్నాడు బాబాయి.

అత్తగారు మళ్లీ వంగి ఇంకోసారి చూసింది. ఆనక మెల్లగా అడిగింది. "అల్లుడుగారూ, ఇన్నాళ్లూ ఇవన్నీ మీరొక్కరే తిన్నారా?"

మిగిలిన ముక్కలు కూడా ముగించేసరికి సాయంత్రం నాలుగైంది. నూట డెబ్బైలో తేడా వచ్చింది ఆ ఒక్క గోకుడే. బాబాయి చీటీలు ముందేసుకుని కూర్చున్నాడు. పదకొండో చీటీలో "నలక లేదు" అన్న మాట మీద ఒక గీత గీసి, పక్కన కొత్తమాట రాశాడు. ఆపైన పదిహేడు చీటీల మీదా, పరీక్షించినవారు అన్న చోట తన సంతకాన్ని ఒక్కొక్కటిగా కొట్టేశాడు. ఆ గీతలు గీస్తుంటే సొంత చెవిని మెలిపెట్టుకున్నట్టే ఉంది ఆయనకు.

"రబ్బరు పెట్టి చెరిపేయొచ్చుగా? తీసి కొత్త కాగితం రాసుకోవచ్చుగా?" అంది అత్తగారు.

"ఇక్కడ చెరపకూడదు అత్తయ్యా. చింపకూడదు కూడా. తప్పు మీద ఒకే గీత. కింద అక్షరాలు కనపడాలి. పక్కన ఒప్పు రాసి, సంతకం, తేదీ. మొదట ఏమనుకున్నామో, తర్వాత ఏం తెలిసిందో, తర్వాత చూసేవాళ్లకి రెండూ తెలియాలిగా."

"ఈ నియమం ఎవరు పెట్టారు?"

"బాబాయే పెట్టారు. నేను చేరిన రోజు నాక్కూడా నేర్పించారు" అంది డాక్టరమ్మ.

అత్తగారు కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంది. కలం అందుకుని, కొట్టేసిన ఒక్కో సంతకం పక్కనా తన పేరు పొందిగ్గా రాసి తేదీ వేసింది. పదిహేడు సంతకాలు పెట్టేసరికి ఆవిడకు పళ్లకన్నా వేళ్లు ఎక్కువ నొప్పి పుట్టాయి.

శుక్రవారం వెళ్లాల్సిన రిపోర్టు శుక్రవారమే వెళ్లింది, తలకిందులుగా తిరగరాసి. బాబాయిని ముందు గదిలో ఎవరూ కూర్చోబెట్టలేదు. "పళ్లు పోతే ఓడ వచ్చినప్పుడల్లా మీ అత్తయ్యగారిని పిలుచుకుందాం. ఎక్కడ గోకాలో, ఎలా గోకాలో తెలిసిన చేతుల్ని నేనెక్కడి నుంచి తేను?" అంది డాక్టరమ్మ. దానితోపాటు ఏడాదికోసారి పరీక్షకులందరి పళ్లూ ఆరు డబ్బాలతో సరిచూడాలని ఒక ఉత్తర్వు కూడా వేయించింది.

ఆ సాయంత్రం బాబాయి ఇంటికొచ్చి, కట్టుడు పళ్లు తీసి గ్లాసులో వేసి, వసారాలో కుర్చీ వాల్చుకున్నాడు. గోడ అవతల టైలరమ్మ గొంతు వినిపించింది.

"రెండ్రోజులుగా కనపడలేదేం పిన్నిగారూ? దారాలన్నీ తెగక అలాగే ఉన్నాయి."

"పని మీద వెళ్లాను. అది సరే గానీ అమ్మాయ్, ఇరవయ్యారేళ్ల కిందట ఇదే గోడ దగ్గర నీతో ఒక మాటన్నాను. గుర్తుందా?"

"మట్టి తినే మొగుడనా?" అంది టైలరమ్మ, క్షణం ఆలస్యం లేకుండా.

బాబాయి కుర్చీలో ముడుచుకున్నాడు.

"అదే. దాన్ని చెరపకు. నేనే అన్నాను, అన్నట్టే ఉండనీ. దాని మీద ఒక గీత మాత్రం గీయి. పక్కన ఇలా రాసుకో. నా కూతురికి, ఎవరికీ తెలియని తప్పు కూడా తనే వెళ్లి చెప్పుకునే మొగుడు దొరికాడు. రాసుకున్నావా? ఇన్నాళ్లూ ఆ మాట ఎవరెవరికి చెప్పావో, ఈ మాట కూడా వాళ్లందరికీ చెప్పు. కింద సంతకం నాది."

టైలరమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా కొలతలు రాసుకునే మనిషి కదా, అలవాటు కొద్దీ అడిగింది. "తేదీ ఏం వేయమంటారు?"

"ఇవాళ్టిదే వేయి. అసలైతే చాలా ముందే వేయాల్సింది" అంది అత్తగారు.

వసారాలో బాబాయి, పళ్లు గ్లాసులో ఉన్న సంగతి కూడా మరిచిపోయి, బోసినోటితో నవ్వుతూ కూర్చున్నాడు.